641 దగ్గర విరిగిన సంఖ్య

అందరికీ నమస్కారం.

బోర్డు మీద రాసిన సంఖ్య వెనక వరసల్లో ఉన్నవాళ్లకు కూడా కనబడుతోందనుకుంటాను. 4,29,49,67,297. నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల నలభై తొమ్మిది లక్షల అరవై ఏడు వేల రెండు వందల తొంభై ఏడు. ఈ సాయంత్రమంతా ఈ ఒక్క సంఖ్య గురించే మాట్లాడతాను. పది అంకెల సంఖ్యలు తొమ్మిది వందల కోట్లున్నాయి. వాటన్నిటిలో దీన్నే ఎందుకు పట్టుకున్నానంటే, సంఖ్య ఎంత పెద్దదైతే దాని గుట్టు అంత లోతుగా ఉంటుందని మనం అనుకుంటాం. ఇక్కడ అలా జరగలేదు. దీన్ని కట్టిన తీరే దీని గుట్టు బయటపెట్టింది. అది ఎలాగో మీ కళ్లముందే లెక్క చేసి చూపించాలని నా కోరిక.

2ను 32 సార్లు వేసుకుని గుణిస్తే, అంటే 2³² చేస్తే, 4,29,49,67,296 వస్తుంది. దానికి ఒకటి కలిపితే మన సంఖ్య. కంప్యూటర్లతో పనిచేసేవాళ్లకు 2³² బాగా తెలుసు. 32 బిట్లలో, అంటే 0 గానీ 1 గానీ పట్టే 32 గళ్లలో, ఇమిడే విలువలు సరిగ్గా అన్ని. ఐపీవీ4 పద్ధతిలో ఇంటర్నెట్ చిరునామాలు మొత్తం అన్ని. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి 32 బిట్లలో రాయగలిగే అతి పెద్ద సంఖ్య 4,29,49,67,295. మన సంఖ్యను అందులో పెట్టబోతే పై బిట్ ఊడిపోయి ఒట్టి 1 మిగులుతుంది. బైనరీలో దీని రూపం: మొదట 1, చివర 1, మధ్యలో 31 సున్నాలు. ఈ రూపం గుర్తుంచుకోండి, ఇంకోచోట మళ్లీ ఎదురవుతుంది.

సరే, కథ ఫెర్మాతో మొదలవుతుంది. పియరీ డి ఫెర్మా ఫ్రాన్స్‌లోని తులూజ్ న్యాయస్థానంలో ఉద్యోగి. గణితం ఆయనకు తీరిక వేళల పని, కానీ ఆ తీరికలోనే సంఖ్యాశాస్త్రం చాలావరకు పుట్టింది. 2 ఘాతాలకు ఒకటి కలిపితే ఏవి ప్రధాన సంఖ్యలవుతాయని ఆయన చూశాడు. మనమూ చూద్దాం. 3, 5, 9, 17, 33, 65, 129, 257. వీటిలో 9, 33, 129 మూడుతో పోతాయి, 65 అయిదుతో పోతుంది. మిగిలినవి 3, 5, 17, 257. వీటి ఘాతాంకాలు 1, 2, 4, 8.

ఇది కాకతాళీయం కాదు. ఘాతాంకంలో ఒకటి కాని బేసి కారణాంకం ఒక్కటున్నా చాలు, సంఖ్య విరిగిపోతుంది. ఉదాహరణకు 2⁶ అంటే 4³. ఒక సంఖ్య ఘనానికి ఒకటి కలిపితే వచ్చేదాన్ని, ఆ సంఖ్యకు ఒకటి కలిపితే వచ్చేది నిశ్శేషంగా భాగిస్తుంది. అందుకే 65ను 5 భాగిస్తుంది. కాబట్టి ఆశ పెట్టుకోదగ్గ ఘాతాంకాలు 1, 2, 4, 8, 16, 32 ఇలా రెట్టింపయ్యేవి మాత్రమే. ఘాతాంకం 16 అయితే 65,537, అదీ ప్రధాన సంఖ్యే. ఆ తర్వాతది, ఘాతాంకం 32తో వచ్చేది, బోర్డు మీద ఉన్నది. వీటినే ఫెర్మా సంఖ్యలంటారు. సున్నా నుంచి లెక్కపెట్టడం ఆనవాయితీ కాబట్టి 3 సున్నావది, మనది అయిదోది.

1640లో ఫెర్మా తన మిత్రుడు ఫ్రెనికిల్‌కు రాసిన ఉత్తరంలో, ఇవన్నీ ప్రధాన సంఖ్యలేనని తనకు దాదాపు నమ్మకం కుదిరిందని చెప్పాడు. నిరూపణ లేదు. నమ్మకం మాత్రం ఆయన్ని ఏళ్ల తరబడి వదల్లేదు. మన సంఖ్యను చేత్తో పరీక్షించాలంటే దాని వర్గమూలం వరకూ, అంటే దాదాపు 65,536 వరకూ ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. అవి 6,542 ఉన్నాయి. పది అంకెల సంఖ్యకు ఆరున్నర వేల భాగహారాలంటే ఎవరికైనా చేయి ఆగుతుంది.

1729 డిసెంబరు 1న గోల్డ్‌బాక్ అనే గణితవేత్త ఒక ఉత్తరం చివర ఈ విషయం ఎత్తి, ఫెర్మా చెప్పిన ఈ మాట తెలుసా అని సాటి గణితవేత్త ఆయిలర్‌ను అడిగాడు. ఆయిలర్‌కు అప్పుడు 22 ఏళ్లు. మొదట పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత పట్టుకున్నాడు, 1732లో జవాబు ఇచ్చాడు: ఈ సంఖ్యను 641 నిశ్శేషంగా భాగిస్తుంది.

4,29,49,67,297 = 641 × 67,00,417.

మూడంకెల సంఖ్య! వరస తప్పకుండా 2, 3, 5, 7 అంటూ భాగించుకుంటూ పోయినా 641 అనేది 116వ ప్రధాన సంఖ్య. నూట పదహారో భాగహారంలో దొరికిపోయేది. తొంభై ఏళ్లపాటు ఎవరికీ దొరకలేదు. నాకు దీనికంటే బాధ కలిగించేది ఇంకొకటుంది. ఫెర్మా నూట పదహారు భాగహారాలు కూడా చేయనక్కర్లేదు. అయిదు చాలు. ఆ సంగతి తేల్చే సూత్రం ఫెర్మాదే, అదీ అదే ఏడాది, అదే ఫ్రెనికిల్‌కు రాసిన ఇంకో ఉత్తరంలో ఉంది.

ఇక్కడ కొంచెం నిలబడదాం, ఈ సాయంత్రానికి ఇదే అసలు ఘట్టం.

ఫెర్మా చిన్న సిద్ధాంతం అని మనం పిలుచుకునేది ఏమంటుందంటే: ఏదైనా ప్రధాన సంఖ్య తీసుకోండి, 2 కాకుండా. దానికంటే ఒకటి తక్కువైన ఘాతానికి 2ను పెంచండి. ఆ ప్రధాన సంఖ్యతో భాగిస్తే శేషం ఎప్పుడూ 1. ఏడుతో చూడండి: 2⁶ అంటే 64, ఏడు తొమ్ముల 63, శేషం 1. బాగుంది.

ఇప్పుడు మన సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదో ఉందనుకుందాం. అదేమిటో తెలియదు. అయినా దాని గురించి ఒక మాట ఖాయంగా చెప్పొచ్చు. 2³²కి ఒకటి కలిపితే అది భాగిస్తోంది కాబట్టి, ఒట్టి 2³²ను దానితో భాగిస్తే ఒకటి తక్కువ పడుతుంది. శేషం −1 అని రాసుకుందాం. వర్గం చేస్తే 2⁶⁴ శేషం +1 అవుతుంది. 2 ఘాతాల శేషాలు ఒక చక్రంలా తిరుగుతాయి, 1 వచ్చిన ప్రతిసారీ మళ్లీ మొదటికొస్తాయి. 64వ ఘాతం దగ్గర 1 వచ్చింది. అంటే చక్రం పొడవు 64ను భాగించాలి: 1, 2, 4, 8, 16, 32, 64లలో ఒకటి. 32 గానీ అంతకంటే చిన్నది గానీ అయితే 32వ ఘాతం దగ్గరే 1 రావాలి. అక్కడ వచ్చింది −1. కాబట్టి పొడవు సరిగ్గా 64. ఇక చిన్న సిద్ధాంతం ప్రకారం మన ప్రధాన సంఖ్యకు ఒకటి తక్కువ దగ్గర కూడా చక్రం మొదటికి రావాలి. అంటే ఆ ప్రధాన సంఖ్యలో ఒకటి తీసేస్తే మిగిలేది 64 గుణిజమే.

చూశారా? ఏ సంఖ్య భాగిస్తుందో తెలియకుండానే, భాగించేది 64 గుణిజానికి ఒకటి ఎక్కువై తీరాలని తేలిపోయింది. ఇక వెతకండి: 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641. వీటిలో ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. మొదటి నాలుగూ పోవు. అయిదోది పోతుంది.

ఈ వివరణను ఆయిలర్ 1732లో రాయలేదు, భాజకం మాత్రం చెప్పాడు. భాజకాల రూపం గురించిన నిరూపణ దాదాపు పదిహేనేళ్ల తర్వాత ఇంకో వ్యాసంలో వచ్చింది. 1878లో ఫ్రెంచి గణితవేత్త ల్యూకా దీన్ని ఇంకో మెట్టు ఎక్కించాడు: 64 కాదు, 128 గుణిజానికి ఒకటి ఎక్కువై ఉండాలి. అప్పుడు జాబితా 129, 257, 385, 513, 641. ప్రధాన సంఖ్యలు రెండే, 257, 641. ఆ 257 కూడా భాగించదని కాసేపట్లో లెక్క చేయకుండానే తేలుస్తాను. అంటే 6,542 భాగహారాల నుంచి ఒక్కదానికి దిగాం.

ఇక 641 నిజంగా భాగిస్తుందని పెద్ద భాగహారం చేయకుండా చూపిస్తాను. 641ని రెండు రకాలుగా రాయొచ్చు:

641 = 625 + 16, అంటే 5⁴ + 2⁴.
641 = 640 + 1, ఈ 640 అంటే 5 × 2⁷.

2³² అంటే 16 × 2²⁸. ఆ 16 స్థానంలో 641 − 625 పెట్టండి. అప్పుడు 2³² = 641 × 2²⁸ − 625 × 2²⁸. రెండో ముక్క 5⁴ × 2²⁸, అంటే 5 × 2⁷కు నాలుగో ఘాతం, అంటే 640⁴. కాబట్టి

2³² + 1 = 641 × 2²⁸ − (640⁴ − 1).

బ్రాకెట్‌లో ఉన్నది బడిలో నేర్చుకున్న ఫార్ములాయే: 640⁴ − 1 = (640² + 1) × 641 × 639. అందులోనూ 641 ఉంది. రెండు ముక్కల్లోనూ 641 ఉంది, అయిపోయింది. భాగఫలం కూడా ఇక్కడే దొరుకుతుంది: 2²⁸ అంటే 26,84,35,456. అందులోంచి 4,09,601 × 639, అంటే 26,17,35,039 తీసేయండి. 67,00,417. పది అంకెల సంఖ్యను మూడంకెల సంఖ్యతో భాగించాం, ఒక్క భాగహారం కూడా చేయలేదు. నేను చాలామందికి గణితం అంటే ఇష్టం పుట్టించడానికి ఈ నాలుగు వరసలే వాడుకున్నాను.

67,00,417 సంగతి త్వరగా తేల్చేద్దాం. దాని వర్గమూలం 2,588 చిల్లర. దాన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా మన పెద్ద సంఖ్యనూ భాగిస్తుంది, కాబట్టి అదీ 128 గుణిజానికి ఒకటి ఎక్కువే. 2,588 లోపు అలాంటి ప్రధాన సంఖ్యలు అయిదే: 257, 641, 769, 1153, 1409. వీటితో భాగిస్తే శేషాలు వరసగా 170, 44, 120, 334, 622. ఒక్కటీ సున్నా కాదు. కాబట్టి 67,00,417 ప్రధాన సంఖ్య. మన సంఖ్యకు భాజకాలు నాలుగే: 1, 641, 67,00,417, తాను.

ముందు వరసలోంచి ఒక ప్రశ్న: కంప్యూటర్‌కు ఇస్తే ఇది ప్రధాన సంఖ్య కాదని ఎలా తెలుసుకుంటుంది, అదీ భాగించే చూస్తుందా? మంచి ప్రశ్న. భాజకం తెలియకుండానే సంఖ్య ప్రధానం కాదని తేల్చే దారి ఉంది, దానికీ చిన్న సిద్ధాంతమే ఆధారం. మన సంఖ్య ప్రధానమే అయితే, దానికంటే ఒకటి తక్కువ ఘాతం, అంటే 2³²వ ఘాతం, శేషం 1 ఇవ్వాలి. 2తో టెస్ట్ చేద్దాం. 2³² శేషం −1, 2⁶⁴ శేషం 1, ఆ తర్వాత వర్గం చేసినకొద్దీ 1, 1, 1. పాస్! 2ను అడిగితే ఇది ప్రధాన సంఖ్యేనంటుంది. ఇది తప్పుడు సాక్ష్యం. ఫెర్మా సంఖ్యలన్నీ, ప్రధానాలైనా కాకపోయినా, 2 దగ్గర ఈ టెస్ట్ పాసవుతాయి, వాటి కట్టుబడి అలాంటిది.

3ని అడగండి. 3, 9, 81, 6561, 4,30,46,721 అంటూ వర్గం చేసుకుంటూ పోవాలి, సంఖ్య మించినప్పుడల్లా శేషం ఉంచుకోవాలి. తర్వాతి మెట్టులో శేషం 3,79,32,01,458. ఇలా మొత్తం 32 సార్లు. చివరికి 1 రావాల్సిన చోట 3,02,90,26,160 వస్తుంది. ప్రధాన సంఖ్య కాదు, ఇక వాదన లేదు. ముప్ఫై రెండు వర్గాలు, ఇరవై ఎనిమిది భాగహారాలు. ఫెర్మా కాలంలో ఓపికున్న మనిషికి ఒకటి రెండు రోజుల పని. 1877లో పెపాన్ అనే ఫ్రెంచి గణితవేత్త ఈ 3 టెస్ట్‌నే ఫెర్మా సంఖ్యలకు సరిగ్గా సరిపోయేలా మలిచాడు. వర్గం ఒకటి తక్కువ చేసి ఆగి, శేషం −1 అయితే ప్రధానం, కాకపోతే కాదు. లక్షల అంకెల ఫెర్మా సంఖ్యలను పరీక్షించింది దీనితోనే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగానికి వచ్చాను. వర్గాల మొత్తాలు.

4తో భాగిస్తే 1 శేషం వచ్చే ప్రధాన సంఖ్య ఏదైనా రెండు వర్గాల మొత్తం అవుతుంది, అదీ ఒకే ఒక్క విధంగా. 13 అంటే 9 + 4, మరో దారి లేదు. ఈ మాట చెప్పింది ఫెర్మా, నిరూపించింది ఆయిలర్. దీన్నిబట్టి ఒక సంఖ్యను రెండు రకాలుగా రెండు వర్గాల మొత్తంగా రాయగలిగితే అది ప్రధాన సంఖ్య కానట్టే.

మన సంఖ్యకు మొదటి రూపం పుట్టుకతోనే ఉంది: 65,536² + 1². రెండోది: 62,264² + 20,449². కావాలంటే కూడి చూడండి, 3,87,68,05,696కు 41,81,61,601 కలిపితే మన సంఖ్యే. కాబట్టి ఇది ప్రధానం కాదు.

ఇంతటితో ఆగొద్దు. ఈ రెండు రూపాలూ చేతిలో ఉంటే భాజకాలు కూడా బయటికి తీయొచ్చు. సరి సంఖ్యల తేడా: 65,536 − 62,264 = 3,272. బేసి సంఖ్యల తేడా: 20,449 − 1 = 20,448. ఈ రెండింటి గ.సా.భా. కనుక్కోండి. 20,448ని 3,272తో భాగిస్తే శేషం 816, 3,272ని 816తో భాగిస్తే శేషం 8, 816ని 8 నిశ్శేషంగా భాగిస్తుంది. గ.సా.భా. 8. ఆ 8తో భాగిస్తే 3,272 కాస్తా 409 అవుతుంది, 20,448 కాస్తా 2,556. ఇక బేసి సంఖ్యల మొత్తం 20,450. దాన్ని 409తో భాగిస్తే 50. చేతికొచ్చినవి నాలుగు: 8, 50, 409, 2,556. మొదటి రెండింటినీ సగం చేయండి, 4, 25. వర్గాలు కూడండి: 16 + 625 = 641. మిగతా రెండింటి వర్గాలు: 1,67,281 + 65,33,136 = 67,00,417.

రెండు భాజకాలూ వచ్చేశాయి! మొదటిసారి ఈ లెక్క చేసినవాళ్లెవరూ రెండోసారి చేయకుండా ఉండలేరు.

దీని వెనక ఉన్నది బ్రహ్మగుప్తుడు 628లో రాసిన సర్వసమీకరణం. రెండు వర్గాల మొత్తాన్ని ఇంకో రెండు వర్గాల మొత్తంతో గుణిస్తే వచ్చేది కూడా రెండు వర్గాల మొత్తమే, అదీ రెండు రకాలుగా. మన జతలు 25, 4 ఒకటి, 2,556, 409 ఇంకొకటి. అడ్డంగా గుణించండి: 25 × 2,556 = 63,900. 4 × 409 = 1,636. కలిపితే 65,536, తీసేస్తే 62,264. ఇప్పుడు ఐమూలగా: 25 × 409 = 10,225. 4 × 2,556 = 10,224. కలిపితే 20,449, తీసేస్తే 1. ఆ 10,225, 10,224 పక్కపక్క సంఖ్యలు కావడం చూడండి. 65,536 వర్గం పక్కన 1 కనబడటానికి కారణం ఆ ఒక్క తేడాయే. ఫెర్మా సంఖ్య అనే రూపం మొత్తం ఆ తేడా మీద నిలబడి ఉంది.

ఇందాక 257 విషయం బాకీ ఉంచాను. దానికి పక్క సంఖ్యను చూడాలి, 4,29,49,67,295. ఇది 2³² − 1. రెండు వర్గాల భేదంగా విప్పండి: (2¹⁶ + 1)(2¹⁶ − 1). రెండోదాన్ని మళ్లీ విప్పండి, మళ్లీ, మళ్లీ. చివరికి తేలేది:

4,29,49,67,295 = 3 × 5 × 17 × 257 × 65,537.

మొదటి అయిదు ఫెర్మా సంఖ్యల లబ్ధం! మన సంఖ్య దీనికి సరిగ్గా 2 ఎక్కువ. కాబట్టి 3తో భాగించినా, 5తో భాగించినా, 17తో, 257తో, 65,537తో భాగించినా శేషం 2. అందుకే 257 భాగించదన్నాను. ఏ ఫెర్మా సంఖ్యకైనా ఇదే వరస: ముందువాటన్నిటి లబ్ధానికి 2 ఎక్కువ. ఏ రెండు ఫెర్మా సంఖ్యలకూ ఉమ్మడి కారణాంకం ఉండదు. ప్రతి ఫెర్మా సంఖ్యా ముందెప్పుడూ రాని కొత్త ప్రధాన సంఖ్యలను తెస్తుంది, కాబట్టి ప్రధాన సంఖ్యలకు అంతం లేదు. గోల్డ్‌బాక్ 1730లో ఆయిలర్‌కు రాసిన ఉత్తరంలో ఈ నిరూపణ ఉంది. యూక్లిడ్ నిరూపణతో సమంగా నిలబెట్టదగ్గది అంటాను.

ఈ పక్క సంఖ్యకు జ్యామితిలో ఇంకో గౌరవం ఉంది. 1796లో, ఇంకా 19 నిండని గౌస్, 17 భుజాల క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినితో గీయొచ్చని కనుక్కున్నాడు. అలా గీయాలంటే భుజాల సంఖ్య, 2తో పోయేదంతా తీసేశాక, వేర్వేరు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధం కావాలి. అంతకుమించి కుదరదన్న భాగాన్ని 1837లో వాంట్‌జెల్ నిరూపించాడు. తెలిసిన ఫెర్మా ప్రధాన సంఖ్యలు అయిదే. వాటితో చేయగల బేసి లబ్ధాలు 31. అన్నిటికంటే పెద్దది 4,29,49,67,295. అన్ని భుజాలున్న బహుభుజిని సూత్రప్రాయంగా గీయొచ్చు. రెండు భుజాలు ఎక్కువున్న దాన్ని, అంటే మన సంఖ్యంత భుజాలున్న దాన్ని గీయలేం. 65,537 భుజాల బహుభుజి విధానం కోసం హెర్మెస్ అనే జర్మన్ గణితవేత్త పదేళ్లు పనిచేశాడు, ఆ రాతప్రతి గోటింగెన్ విశ్వవిద్యాలయంలో ఉంది.

పాస్కల్ త్రిభుజం, మన ఛందశ్శాస్త్రంలో మేరు ప్రస్తారం, అందరికీ తెలుసు: అంచుల్లో 1లు, లోపల ప్రతి సంఖ్యా తన పైనున్న రెండింటి మొత్తం. అందులో సరి సంఖ్య ఉన్నచోట 0, బేసి సంఖ్య ఉన్నచోట 1 రాసి, ఒక్కో వరసను బైనరీ సంఖ్యగా చదవండి. 1, 11, 101, 1111, 10001, 110011. మామూలు అంకెల్లో 1, 3, 5, 15, 17, 51. ఇలా మొదటి 32 వరసల్లో మొదటి 1ని వదిలేస్తే మిగిలిన 31 సంఖ్యలూ, ఇందాక చెప్పిన బహుభుజుల 31 బేసి భుజాల సంఖ్యలే. ఆఖరి వరస మొత్తం ఒకట్లు, 4,29,49,67,295. ఆ తర్వాతి వరస? మొదట 1, చివర 1, మధ్యలో 31 సున్నాలు. మన సంఖ్య! అక్కడికి వరస తెగిపోతుంది. ఇది గనక ప్రధాన సంఖ్య అయి ఉంటే బహుభుజుల జాబితా ఇంకో 32 వరసలు సాగేది.

ఒక చిన్న ముచ్చట చెప్పి ముందుకు వెళ్తాను. 1804లో అమెరికాలోని వెర్మాంట్‌లో పుట్టిన జెరా కోల్బర్న్ అనే పిల్లవాడు నోటి లెక్కలకు పేరుపొందాడు. ఎనిమిదేళ్ల వయసులో లండన్‌లో అతన్ని ఈ సంఖ్యకు కారణాంకాలు చెప్పమని అడిగితే 641తో పోతుందని మనసులోనే లెక్కకట్టి చెప్పాడు. ఆయిలర్ లాంటి మేధావి పనిగట్టుకుని తేల్చిన జవాబును ఆ పసివాడు ఏ దారిన పట్టుకున్నాడో ఆలోచిస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇక అయిదోదాని తర్వాత సంగతి. ఆరో ఫెర్మా సంఖ్యను 1880లో లాండ్రీ, ఎనభై దాటిన వయసులో, విడగొట్టాడు. ఏడోదానికి 1970 దాకా ఆగాల్సి వచ్చింది, మారిసన్, బ్రిల్‌హార్ట్ కంప్యూటర్‌తో చేశారు. ఎనిమిదోది 1980లో. అయిదు నుంచి పదకొండు వరకూ పూర్తిగా విడిపోయాయి, పన్నెండు నుంచి ఏదీ పూర్తిగా విడిపోలేదు. ఇరవయ్యోది, ఇరవై నాలుగోది ప్రధానాలు కావని పెపాన్ టెస్ట్‌తో తెలుసు, ఒక్క భాజకం కూడా చేతికి చిక్కలేదు. అయిదు నుంచి ముప్ఫై రెండు వరకూ ఒక్కటీ ప్రధాన సంఖ్య కాదు. ముప్ఫై మూడోది ఏమిటో ఇంకా ఎవరూ తేల్చలేదు, దానికి 258 కోట్లకు పైగా అంకెలు. ఫెర్మా అన్నీ ప్రధానాలేనన్నాడు. ఆయన చూసిన మొదటి అయిదు తప్ప ఇంకొక్కటి కూడా దొరకలేదు. ఇంకా ఉన్నాయా లేవా అన్నది అలాగే ఉంది. ప్రధానం కాని ఫెర్మా సంఖ్యలు అనంతంగా ఉన్నాయని కూడా ఎవరూ నిరూపించలేదు.

వెనకనుంచి చేయి ఎత్తారు, చెప్పండి... ఆరోదాన్ని మనం కాగితం మీద చేయగలమా అని అడుగుతున్నారు. చేయగలం, ఇప్పుడే మొదలుపెడతాను.

ఆరోది 2⁶⁴ + 1, అంటే 1,84,46,74,40,73,70,95,51,617. ల్యూకా చెప్పినట్టు దీని భాజకాలు 256 గుణిజానికి ఒకటి ఎక్కువ. 257, 513, 769 అంటూ వెళ్లాలి, ప్రధానాలు కానివి వదిలేయాలి. ఒక్కోదాన్ని పరీక్షించడానికి ఈ ఇరవై అంకెల సంఖ్యను ముట్టుకోనక్కర్లేదు. 65,536ను వర్గం చేసి శేషం తీయండి, ఆ శేషాన్ని వర్గం చేసి ఒకటి కలపండి, పోతుందో లేదో చూడండి. ఒక్కో అభ్యర్థికి రెండే వర్గాలు. ఓపిగ్గా 256 × 1,071 వరకూ వెళ్తే, అంటే 2,74,177 దగ్గర, ఇలా ఉంటుంది: 65,536² = 4,29,49,67,296, మన పాత సంఖ్యకు ఒకటి తక్కువ. 2,74,177తో భాగిస్తే శేషం 2,58,768, అంటే 15,409 తక్కువ పడింది. 15,409² = 23,74,37,281. ఒకటి కలిపితే 23,74,37,282. దాన్ని 2,74,177తో భాగించండి. భాగఫలం 866, శేషం సున్నా.